బాగుచేయకూడని వాచీ

నలభై ఏళ్లకు పైగా వాచీలు బాగుచేస్తూ బతికినవాణ్ని. హనుమకొండ చౌరస్తాకు దగ్గరలో నా కొట్టు. ఒక బల్ల, ఒక స్టూలు, కంటికి పెట్టుకునే భూతద్దం, గోడ మీద తలా ఒక సమయం చూపించే పది పన్నెండు గడియారాలు. ఎవరైనా ఆగిపోయిన వాచీ తెస్తే, వాళ్లు మాట పూర్తిచేయకముందే నా చెయ్యి మూత తెరిచే కత్తి వైపు వెళుతుంది. అలాంటి నాకు, ఒక ముసలావిడ తన మనవరాలి చేతిలో పగిలిన వాచీ పెట్టి, దీన్ని ఎప్పటికీ బాగుచేయించవద్దని చెప్పే కథ ఒకటి కంటపడింది. యాభై నిమిషాల కథ. ఇప్పటికి నాలుగుసార్లు చూశాను.

బీబీసీ వారి 'డాక్టర్ హూ' ధారావాహికలోని 'డీమన్స్ ఆఫ్ ది పంజాబ్' అనే భాగం అది. మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఉంటారు. కిందటి వేసవిలో మూడు నెలలు వాళ్ల దగ్గర ఉన్నాను. పదకొండేళ్ల మా మనవరాలికి ఈ ధారావాహిక అంటే ప్రాణం. ఒక వానాకాలపు సాయంత్రం, అక్కడ వేసవిలోనూ వానలే, నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి టీవీ ముందు కూర్చోబెట్టింది. "తాతయ్యా, ఇందులో మన షెఫీల్డ్ ఉంది, ఇండియా ఉంది, నీ వాచీ కూడా ఉంది" అంది. మూడూ నిజమే.

తెలియనివారి కోసం నాలుగు మాటలు. ఈ ధారావాహిక 1963 నవంబర్ 23న మొదలైంది. శనివారం సాయంత్రం ఇంటిల్లిపాదీ కలిసి చూడాలని తలపెట్టినది. డాక్టర్ అనే వ్యక్తి వేరే గ్రహం నుంచి వచ్చినవాడు. ఒకప్పుడు ఇంగ్లండు వీధుల్లో ఉండే నీలం రంగు పోలీసు పెట్టె ఆకారంలో అతనికి ఒక వాహనం ఉంటుంది, పేరు టార్డిస్. బయటికి ఒక మనిషి పట్టేంత పెట్టె, లోపల పెద్ద భవనమంత చోటు. అది ఏ కాలానికైనా, ఏ చోటికైనా వెళుతుంది. చావు దగ్గర పడినప్పుడు డాక్టర్ రూపం మారిపోతుంది కాబట్టి నటులు మారుతున్నా కథ ఆగదు. 1989లో ఆగి, 2005లో మళ్లీ ఊపిరి పోసుకుంది. నేను చూసిన భాగంలో డాక్టర్ ఒక మహిళ, జోడీ విటాకర్. ఆ పాత్రలోకి వచ్చిన మొదటి మహిళ ఆమే.

మొదట్లో ఈ కథల్లో పిల్లలకు చరిత్ర చెప్పాలనే ఉద్దేశం గట్టిగా ఉండేదట. ఇంకో సంగతి తెలిసినప్పుడు నేను నిజంగా సంబరపడ్డాను. 1963లో వచ్చిన మొట్టమొదటి కథకు దర్శకుడు వారిస్ హుసేన్. లక్నోలో పుట్టి, చిన్నతనంలోనే ఇంగ్లండు చేరినవాడు. ఆయన తల్లి అతియా హుసేన్, లక్నో జీవితాన్నీ దేశ విభజననూ నవలగా రాసిన రచయిత్రి. అలాంటి ఇంటి బిడ్డ చేతుల మీదుగా మొదలైన ధారావాహిక విభజన దగ్గరికి రావడానికి యాభై అయిదేళ్లు పట్టింది. 2018 నవంబర్ 11న ఈ భాగం ప్రసారమైంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి సరిగ్గా నూరేళ్లయిన రోజు, ఇంగ్లండు అంతా చనిపోయిన సైనికులను తలచుకునే ఆదివారం. రాసినవాడు వినయ్ పటేల్, దర్శకుడు జేమీ చైల్డ్స్.

డాక్టర్ వెంట తిరిగే ముగ్గురిలో యాస్మిన్ ఖాన్ ఒకతె. యాజ్ అని పిలుస్తారు. షెఫీల్డ్‌లో కొత్తగా చేరిన పోలీసు అమ్మాయి. రైల్వే స్టేషను వెనక గుట్ట మీద గోడలా నిలబడే పార్క్ హిల్ ఇళ్లలో వాళ్ల కాపురం. నేను రోజూ నడకకు వెళ్లే దారిలోంచి కనిపించే భవనాలే అవి. ఆమె అమ్మమ్మ ఉంబ్రీన్ పుట్టినరోజు. పాకిస్తాన్‌లో పెళ్లి చేసుకున్న మొదటి స్త్రీని నేనే అని ఆవిడ చెప్పుకుంటుంది. దక్షిణ యార్క్‌షైర్‌లో బట్టల మిల్లులో పనిచేసిన మొదటి ముస్లిం స్త్రీనీ నేనే అంటుంది. వరంగల్లులో ఆజంజాహీ మిల్లు సైరన్ మోతకు లేచి పెరిగినవాణ్ని, ఆ మాట దగ్గర ఆవిడ నాకు పరాయి మనిషి కాకుండా పోయింది. ఆవిడ యాజ్‌కు పాత చేతి వాచీ ఇస్తుంది. పగిలింది, నడవదు. ఎవరిదని అడిగితే చెప్పదు. యాజ్ ఉండబట్టలేక డాక్టర్‌ను బతిమాలుతుంది. అమ్మమ్మ పడుచుగా ఉన్న రోజుల్లోకి ఒక గంట వెళ్లొద్దామంటుంది. ఆ వాచీ ఆనవాలుతోనే టార్డిస్ వాళ్లను పంజాబుకు తీసుకుపోతుంది. తేదీ 1947 ఆగస్టు 17.

రచయిత ఎన్నుకున్న ఆ తేదీ ఎంత ఆలోచించి పెట్టినదో చెప్పాలి. స్వాతంత్ర్యం వచ్చింది పదిహేనున. సరిహద్దు ఎక్కడో అధికారికంగా చెప్పింది పదిహేడున. సిరిల్ రాడ్‌క్లిఫ్ అనే న్యాయవాది, అంతకుముందు ఎన్నడూ ఇండియాకు రానివాడు, జూలై 8న వచ్చి అయిదు వారాల్లో పంజాబునూ బెంగాలునూ గీతలతో కోసేశాడు. మధ్యలో ఆ రెండు రోజులు సరిహద్దు పల్లెల్లో లక్షల మందికి తాము ఏ దేశంలో నిద్రపోయి ఏ దేశంలో లేస్తున్నారో తెలియదు. కోటికి పైగా జనం ఇళ్లు వదిలారు. మృతుల లెక్క రెండు లక్షల నుంచి ఇరవై లక్షల దాకా ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతారు. ఇంత పెద్ద విషయాన్ని ఈ కథ ఒక ఇంటికీ పక్క పొలానికీ కుదించింది. ఇటు ఉంబ్రీన్, ఆమె తల్లి. అటు ప్రేమ్, అతని తమ్ముడు మనీష్. రెండు కుటుంబాలూ తరాలుగా ఇరుగుపొరుగు. మర్నాడు ఉంబ్రీన్ పెళ్లి. పెళ్లికొడుకు ప్రేమ్, హిందువు. యాజ్ గుండెలో రాయి పడుతుంది, ఎందుకంటే అతను ఆమె తాతగారు కాదు.

అక్కడే డాక్టర్‌కు అర్థమైపోతుంది, మనకూ అర్థమవుతుంది. ఈ అబ్బాయి బతికితే యాజ్ పుట్టదు. ఇది చెప్పడం వల్ల నేను చూసేవారి ఆసక్తి పాడుచేయడం లేదు. కథ దీన్ని దాచదు, సగంలోనే మన ముందు పెట్టేస్తుంది. పెళ్లి జరిపించవలసిన సాధువును ఎవరు చంపారన్నదే ఇందులో దాచినది, అది నేను చెప్పను.

నన్ను పట్టుకున్నది వేరే. కాలంలో వెనక్కి వెళ్లే కథల్లో జరిగినదాన్ని మార్చాలనే తపన ఉంటుంది. ఈ ధారావాహికలోనే 1964లో వచ్చిన అజ్టెక్‌ల కథలో ఒక టీచరమ్మ నరబలులు ఆపించాలని చూస్తుంది, ఆమె వల్ల కాదు. 2005లో వచ్చిన మరో భాగంలో ఒక అమ్మాయి కారు కింద పడబోయే తండ్రిని లాగేస్తుంది, లోకమే తలకిందులవుతుంది. ఆ రెండూ మనవరాలు నాకు చూపించింది. రెండూ మంచివే. కానీ పంజాబు కథలో వచ్చినవాళ్లు దేనికీ చేయి పెట్టలేరని మొదటే తేలిపోయాక, మరి వాళ్లు ఏం చేయాలి అనే ప్రశ్న మిగులుతుంది. దానికి కథ ఇచ్చిన జవాబు నాకు తెలిసిన పనికి పూర్తిగా వ్యతిరేకం. అందుకే నిద్ర పట్టలేదు.

అడవిలో రెండు వికృత రూపాలు కనిపిస్తాయి. థిజారియన్లు. ఒకప్పుడు విశ్వంలోనే పేరుమోసిన హంతకులని డాక్టర్‌కు తెలుసు. సాధువు శవం పక్కన ఉన్నారు, ప్రేమ్ అన్న కునాల్ సింగపూర్ యుద్ధంలో చనిపోయినప్పుడూ అతని శవం మీదకి వంగి కనిపించారు. డాక్టర్ వాళ్లే హంతకులని నిర్ణయించుకుని, వాళ్ల దగ్గరున్న ఒక పాత్రను ఎత్తుకొస్తుంది. అందులో ఊదారంగు పొడి. ఏదో విషమనుకుంటుంది. అది విషం కాదు. వాళ్లు దూరదేశాల్లో హత్యలు చేస్తూ తిరుగుతుండగా వాళ్ల గ్రహం నాశనమైంది. తిరిగి వచ్చేసరికి అయినవాళ్లంతా ఆ పొడి. ఎవరినీ కడసారి చూసుకోలేదు, ఎవరి కోసమూ ఏడవలేదు. అప్పటి నుంచి ఆ ఇద్దరూ హత్యలు మానేసి కాలమంతా తిరుగుతున్నారు. పక్కన ఎవరూ లేకుండా చనిపోయేవారి దగ్గర నిలబడతారు. కాపాడరు, ఆపరు. చూస్తారు, గుర్తుపెట్టుకుంటారు. అంతే.

ఈ సన్నివేశం వచ్చినప్పుడు ఒక తప్పు నాకు జ్ఞాపకం వచ్చింది. దాన్ని ఇక్కడ రాయాలి, లేకపోతే ఈ సమీక్ష నిజాయితీగా ఉండదు.

తొంభైల చివరలో ఒక టీచరుగారు నా కొట్టుకు వచ్చారు. యాభై ఏళ్లుంటాయి. భర్తది, హెచ్ఎంటీ జనతా వాచీ. ఆగి ఉంది. "పట్టీ చినిగింది, మార్చి ఇవ్వండి చాలు" అన్నారు. సాయంత్రం వస్తానని వెళ్లారు. నేను పట్టీ మార్చాను. వాచీ చేతిలో ఉంది, చక్కటి యంత్రం, నూనె ఎండిపోయింది అంతే. మనసు ఊరుకోలేదు. విప్పి, కడిగి, నూనె పెట్టి, కీ ఇచ్చి, సమయం సరిచేసి ఉంచాను. డబ్బు కూడా అడగకూడదనుకున్నాను. ఆవిడ వచ్చి చేతిలోకి తీసుకుని, టిక్కు టిక్కు విని, అలాగే నిలబడిపోయారు. కాసేపటికి చెప్పారు. ఆయన రోజూ పొద్దున్నే కీ ఇచ్చుకునేవారట. పోయిన రోజు పొద్దున్న కూడా ఇచ్చుకున్నారు. మనిషి మధ్యాహ్నం పోయాడు, వాచీ మాత్రం ఆ కీ ఉన్నంతసేపూ నడిచి మర్నాడు తెల్లవారుజామున నాలుగూ ఇరవైకి ఆగింది. అప్పటి నుంచి ఎవరినీ దానికి కీ ఇవ్వనివ్వలేదు. అది ఆయన చేతి ఆఖరి పని. ముళ్లను మళ్లీ నాలుగూ ఇరవై దగ్గర పెట్టి ఇస్తానన్నాను. "వద్దండీ" అని, పట్టీ డబ్బు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. ముళ్లను ఎక్కడైనా పెట్టగలను. ఆయన ఇచ్చిన కీని ఎక్కడి నుంచి తేగలను?

నాకు పని నేర్పిన ఉస్తాద్ మొదటి రోజే చెప్పారు, మూత తెరిచే ముందు వాచీ ఎవరిదో, దానితో వాళ్లకు ఏం కావాలో అడగమని. ఆయన తమ్ముడు పోలీసు చర్య తరువాత కరాచీ వెళ్లిపోయాడు. మా వైపు 1947 ఆగస్టులో స్వతంత్రం రాలేదు, నిజాం రాజ్యం ఇండియాలో కలిసింది 1948 సెప్టెంబర్ 17న. విభజన అంటే మాకు దూరపు సంగతి అని చిన్నప్పుడు అనుకునేవాణ్ని. ఉస్తాద్‌కు కరాచీ నుంచి ఏడాదికి ఒకటో రెండో ఉత్తరాలు వచ్చేవి. చదివి, మడిచి, పాత డయళ్లు వేసే రేకుడబ్బాలో పెట్టుకునేవారు. అన్నదమ్ములు మళ్లీ కలుసుకోలేదు. ఉస్తాద్ చివరి రోజున ఆసుపత్రిలో పక్కన ఉన్నది నేను. ఏమీ చేయలేక, ఊరికే కూర్చుని ఉన్నాను. అదేమీ పని కాదని చాలా ఏళ్లు బాధపడ్డాను. ఆ థిజారియన్లను చూశాక మొదటిసారి కొంచెం ఊరట కలిగింది.

ఇక వాచీ సంగతి. పెళ్లిలో ప్రేమ్ తన చేతి వాచీ తీసి ఉంబ్రీన్‌కు ఇస్తాడు. అది జారి కింద పడుతుంది, ఆగిపోతుంది. బాధపడుతున్న ఆమెతో అతను, పోనీ, ఇది మన క్షణం, ఇలాగే ఉండనీ అన్నట్టు చెబుతాడు. పనివాడిగా చెబుతున్నాను, ఇది కల్పన కాదు. కీ వాచీలో అటూ ఇటూ ఊగే చక్రం ఉంటుంది. దాని ఇరుసు కొసలు వెంట్రుకంత సన్నం. కుదుపుకు తట్టుకునే ఏర్పాటు 1930లలో వచ్చినా, అన్ని వాచీలకూ చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ కాలపు వాచీ రాతినేల మీద పడితే కొస విరుగుతుంది, ముళ్లు ఆ నిమిషంలోనే నిలిచిపోతాయి. సమయాన్ని అంత కచ్చితంగా రాసిపెట్టే సాక్షి మరొకటి లేదు. రచయితకు ఇది తెలిసి రాశాడో లేదో గానీ, తెలిసినట్టే ఉంది.

ఆ పెళ్లిని ఇంకెవరూ జరిపించడానికి లేక డాక్టరే జరిపిస్తుంది. పొలంలో సరిహద్దు గుర్తుగా ఒక తాడు కట్టి ఉంటుంది, దానితోనే వధూవరుల చేతులు ముడివేస్తారు. ఈ ఒక్క దృశ్యం కోసం ఈ భాగం చూడవచ్చు. మామూలుగా తొందర తొందరగా మాట్లాడే జోడీ విటాకర్ ఇక్కడ నెమ్మదించింది. ప్రేమంటే తనకు నమ్మకమని, అది ఆశకు ఇంకో రూపమని చెప్పేటప్పుడు, పెళ్లికొడుకు రేపు ఉండడని తెలిసిన మనిషి గొంతు అది. ప్రేమ్‌గా వేసిన షేన్ జాజా పెద్దగా ఏమీ చేయడు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడి అలసట కళ్లలో ఉంచుకుంటాడు. ఆ యుద్ధంలో ఇండియా నుంచి ఇరవై అయిదు లక్షల మంది సైనికులుగా చేరారు. వాళ్లలో ఒకణ్ని, ఇంగ్లండు అంతా తమ సైనికులను తలచుకునే రోజునే తెర మీద నిలబెట్టడం నాకు చాలా గౌరవంగా అనిపించింది. పడుచు ఉంబ్రీన్‌గా అమితా సుమన్, ముసలి ఉంబ్రీన్‌గా లీనా ఢింగ్రా. ఇద్దరి మొండితనం ఒకటే, చూపు ఒకటే.

మనీష్ పాత్ర మీద మాత్రం నా మనసు రెండు విధాలుగా ఉంది. అన్న యుద్ధంలో ఉండగా ఇంట్లో ఒంటరిగా పెరిగి, కరపత్రాలూ రేడియో మాటలూ నింపిన ద్వేషంతో తయారైన కుర్రవాడు. హంజా జీతువా బాగా చేశాడు. అతన్ని రాక్షసుణ్ని చేయకపోవడం మంచిది. కానీ కథలో తప్పంతా దాదాపు ఆ ఒక్క కుర్రవాడి నెత్తిన పడింది. అయిదు వారాల్లో గీత గీసి వెళ్లిపోయినవాళ్ల మాట పక్క నుంచి పోతుంది. ఇంగ్లండు పిల్లలు చూసే కార్యక్రమంలో ఆ మాట ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సింది. మా మనవరాలు "ఎవరు గీశారు ఆ గీత?" అని నన్ను అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు తెర మీదే దొరికి ఉండాలి.

మిగతా లోపాలు చిన్నవి. పంజాబు అని చూపించిన చోటు స్పెయిన్‌లోని గ్రెనడా ప్రాంతం. ఎండిన గుట్టలు, రాళ్లు. చదునైన పంజాబు నేలలో అలాంటి గుట్టలు కనబడవు. అందరూ ఇంగ్లీషే మాట్లాడతారు. టార్డిస్ అన్ని భాషలనూ అర్థమయ్యేలా చేస్తుందని ఈ ధారావాహికలో ఒక కట్టుబాటు ఉంది, సరే, అయినా ఒక పెళ్లిపాటైనా పంజాబీలో వినిపిస్తే బాగుండేది. నడిమి పది నిమిషాల్లో గ్రహాంతరవాసుల ఓడ, మాయమవడాలు, పరికరాల మోతలు ఉన్నాయి. నాకు విసుగు పుట్టింది, మనవరాలికి మాత్రం అవే ఇష్టం.

చివర ప్రేమ్ తమ్ముడి ముందు, తుపాకులున్న గుర్రపు రౌతుల ముందు నిలబడతాడు, ఉంబ్రీన్, ఆమె తల్లి తప్పించుకునేందుకు. డాక్టరూ మిగతావాళ్లూ వెనక్కి తిరిగి నడుస్తారు. కాల్పు చూపించరు, వినిపిస్తారు. ఆ నడక ఎంతసేపో ఉన్నట్టుంటుంది. మా అమ్మాయి వంటింట్లోంచి వచ్చి గడప దగ్గరే ఆగిపోయింది.

ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇది వద్దు. ఆపైవారితో పెద్దలు పక్కన కూర్చుని చూడండి, ఆపి జవాబులు చెప్పే ఓపిక ఉంచుకోండి. ముందు భాగాలేవీ చూడకపోయినా కథ అర్థమవుతుంది. అక్కడ బీబీసీ ఐప్లేయర్‌లో ఉంది. చివర్లో పేర్లు పడేటప్పుడు మాత్రం టీవీ కట్టేయకండి. 1963లో యంత్రాల శబ్దాలతో అల్లిన ఆ పాత బాణీని సంగీత దర్శకుడు సెగున్ అకినోలా ఈ ఒక్క భాగానికి మన వైపు గాత్రంతో పాడించాడు. మొదటిసారి విన్నప్పుడు మనవరాలు రిమోటు అందుకోబోయింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. పాట అయిపోయేదాకా ముగ్గురమూ అలాగే ఉన్నాం.